సొరపాదుకు అల్లుడు

జేజి ఆకు నమలడం ఆపింది. నాకు మొదట భయం వేసింది సరిగ్గా అప్పుడే.

ఆ ముసలామె దవడ ఆగగా నేను అంతకుముందు చూడలేదు. కూర్చున్నా, నిలబడ్డా, ఎవరినైనా తిడుతున్నా ఆకూ వక్కా నోట్లో తిరుగుతూనే ఉండేవి. అలాంటి మనిషి గడప మీద కదలకుండా కూర్చుని వాకిట్లో ఉన్న ఇత్తడి పళ్లెం వైపు చూసింది. పళ్లెంలో ఉన్న రెండు కాళ్ల వైపు చూసింది. ఆ కాళ్లవాడి పక్కన నిలబడిన తన మనవరాలి వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి నవ్వింది. నేనేదో గొప్ప ఉపకారం చేసినట్టుగా ఉంది ఆ నవ్వు. ఏం చేశానో నాకింకా తెలియదు.

ఇప్పుడు ఆ ఉద్యోగం లేదు. పథకం మూతపడింది, నేను ఇంటిపట్టున ఉన్నాను. పిల్లలిద్దరూ పడుకున్నాక వంటింట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. ఇలాంటి పనుల్లో కొత్తగా చేరేవాళ్లు ఎవరైనా చదువుతారని ఆశ. మీకు శిక్షణలో చాలా సంగతులు చెబుతారు. పళ్లెం సంగతి చెప్పరు.

కర్ణాటకలో ఉన్న మా పావగడ తాలూకాలో శనక్కాయ విత్తితే విత్తిన గింజలు కూడా తిరిగి రాని ఏళ్లవి. ఊళ్లలో పదో తరగతి దాటిన పిల్లలను సాయంత్రం పూట బడి వరండాలో కూర్చోబెట్టి, ఇంట్లో నీళ్లూ కట్టెలూ ఎలా పొదుపు చేయాలో నేర్పడం నా పని. కన్నడంలో ఆ ఉద్యోగం పేరు శిక్షకి. తిరుమణి దాటాక ఉన్న ఆ తెలుగు ఊళ్లో అది శిక్షమ్మ అయింది. నేను బస్సు దిగగానే, శిక్షమ్మ వచ్చింది, చెంబులు దాచిపెట్టండని చిన్నపిల్లలు వీధంతా చాటింపు వేసేవాళ్లు.

నాతో పాటు మగపిల్లలకు పొయ్యిలు కట్టడం నేర్పే మాస్టరు ఒకాయన ఉండేవాడు. మధుగిరి వైపు మనిషి, తెలుగు రాదు. ఎవరేమన్నా నవ్వి చప్పట్లు కొట్టేవాడు. భాష తెలియని ఊళ్లో అదే క్షేమమని ఆయన నమ్మకం. ఆయన కట్టించిన పొగలేని పొయ్యి నిజంగానే పొగలేనిది. గొట్టం గోడలోంచి పోయి పక్కింటి పడకింట్లో తేలింది కాబట్టి పొగంతా అక్కడ ఉండేది. పక్కింటి వాళ్లు దగ్గుతూ కొట్లాటకు వస్తే ఆయన వాళ్లకూ చప్పట్లు కొట్టాడు.

నేను నేర్పిన పాఠం పేరు 'రెండో పని'. చెంబెడు నీళ్లు ఒక్క పని చేసి ఊరుకోకూడదు, రెండో పనికి పోవాలి. బియ్యం కడిగిన నీళ్లు బర్రెకు, ఒళ్లు కడిగిన నీళ్లు పాదుకు. రెండో పని చూడకుండా ఏ చుక్కా నేల తాకకూడదు. పిల్లలు దీన్ని నేను అనుకున్న దానికంటే గట్టిగా పట్టుకున్నారు. ఒకడు వాళ్ల తాత పుక్కిలిస్తుంటే కింద డబ్బా పట్టుకుని ఇల్లంతా ఆయన వెంట తిరిగాడు. ఒక సాయంత్రం ఎన్నాళ్లకో నాలుగు చినుకులు పడితే, వాన ఏ పనీ చేయకుండా ఊరికే నేల మీద పడిపోతోందని ఒక అమ్మాయి నాకు ఫిర్యాదు చేసింది.

అందరిలోకీ గట్టి పిల్ల జేజి మనవరాలు. ఎస్సెల్సీ పాసై, జూన్‌లో పావగడ కాలేజీలో పీయూసీ చేరాలని కూర్చుంది. వాళ్లింట్లో స్నానాల నీళ్లు బయటికి పోయే చోట సొరగింజ పెట్టి, ఆ నీళ్లతోనే తీగను కొట్టం మీదికి పాకించింది. ఆ ఎండాకాలం ఆ వీధిలో పచ్చగా ఉన్నది అదొక్కటే. దారిన పోయే మేకలు ఆగి దాన్ని చూసి పోయేవి.

పీయూసీకి అడ్డం జేజి. పిల్లను మేనమామకు ఇవ్వాలని ఆమె పట్టు. మేనమామది బలసముద్రం. నా ఈడువాడు, మెతక మనిషి. ఆయన బోరులో నీళ్లున్నాయి. మిగతా గుణగణాలు జేజి విచారించలేదు.

ఒకసారి నేను చదువు గురించి ఏదో చెప్పబోతే ఆమె నన్ను కూర్చోబెట్టి అడిగింది.

"నీళ్లు మిగిలించేది నేర్పేదానికి నువ్వుండావు. నీళ్లుండే ఇంటికి తీసకపోయేదానికి మామ ఉండాడు. యాది సులువుమ్మా?"

బిందెలు మోసి ఆమె నడుము అప్పటికే సగానికి వంగిపోయి ఉంది. పిల్ల తల్లీ తండ్రీ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. కాలేజీ తెరిచేదాకా వాళ్లు ఇలా నోరు విప్పకుండా ఉంటే చాలని ఆ పిల్ల రోజులు నెట్టుకొస్తోంది.

ఇంతలో తుమకూరు నుంచి పై అధికారి తనిఖీకి వస్తాడని కబురు వచ్చింది. నాకసలే భయం ఎక్కువ. పిల్లలు పుట్టాక అది వాళ్లతో పాటే పెరుగుతూ వచ్చింది. తనిఖీ అనగానే అన్నం సయించలేదు. జేజి వాళ్లింట్లోనే ఒకసారి చేసి చూద్దామన్నాను. ఇంటికి అతిథి వస్తాడు, కాళ్లు కడుగుతారు, ఆ నీళ్లను పట్టి సొరపాదుకు పోస్తారు. చూసేవాళ్లకు రెండో పని అంటే ఏమిటో ఒక్క చూపులో తెలిసిపోతుందని నా ఆలోచన.

అతిథి ఎవరని వెతుకుతుండగానే మేనమామ సైకిలు దిగాడు. మోకాళ్లదాకా ఎర్రదుమ్ము. ఇంతకంటే మంచి అతిథి దొరకడనుకున్నాను. ఆయన ఏదో చెప్పబోతున్నాడు. తర్వాత చెబుదురుగానీ ముందు ఇక్కడ నిలబడండని వాకిట్లోకి లాగాను. కాళ్ల కింద పెట్టాల్సిన తొట్టి పగిలి ఉంది. వెడల్పుగా ఏది ఉంటే అది పట్రమ్మన్నాను. పిల్ల తండ్రి లోపలికి పోయి తన పెళ్లినాటి ఇత్తడి పళ్లెం తెచ్చాడు.

ఆ తర్వాత జరిగింది మీరు నా కళ్లతో చూడకండి. జేజి కళ్లతో చూడండి.

మేనమామ పళ్లెంలో కాళ్లు పెట్టాడు. తల్లి చెంబుతో నీళ్లు వంచింది. తండ్రి గొంతుకూర్చుని, శిక్షమ్మ చూస్తోంది కదా అని శ్రద్ధగా రెండు పాదాలూ రుద్ది కడిగాడు. తర్వాత తడి వృథా పోకుండా చేతులు నెత్తికి తుడుచుకున్నాడు. పాఠం చెప్పాల్సిన పిల్ల మామ పక్కనే నిలబడింది. నేను కాగితం తీసి కన్నడ నినాదం గట్టిగా చదివాను. "హనియే హొన్ను, నీరే నాళె." చుక్కే బంగారం, నీళ్లే రేపటి రోజు అని దాని అర్థం. మగపిల్లల్లో ఒకడు పొయ్యిలో వేసి చూపించడానికి చేటలో శనక్కాయ పొట్టు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మా వైపు గాలి సంగతి మీకు తెలుసు. ఒక్క ఊపున చేటంతా లేచి మామ నెత్తినా కోడలి నెత్తినా కురిసింది. మా పొయ్యిల మాస్టరుకు ఇదంతా ఎంతో నచ్చి, తుంబా చెన్నాగిదె, చాలా బాగుందంటూ చప్పట్లు అందుకున్నాడు. ఆయన్ను చూసి పిల్లలంతా కొట్టారు.

జేజి దవడ ఆగింది అప్పుడే.

"అయిపాయ" అంది.

ఏమైందని అడిగాను.

"కాళ్లు కడిగినారు. మంత్రం చెప్పినావు. తలంబ్రాలు పడినాయి. మేళం గూడా అయింది. ఇంగేం కావల్లమ్మా? తాళి యానాడైనా కట్టొచ్చు."

ఎవరూ నవ్వలేదు. మా వైపు పెళ్లిళ్లలో పిల్లనిచ్చేవాళ్లు పెళ్లికొడుకు కాళ్లు పళ్లెంలోనే కడుగుతారు. తల్లే నీళ్లు వంచుతుంది, తండ్రే కడుగుతాడు, ఆ నీళ్లే నెత్తిన చల్లుకుంటాడు. నా పెళ్లిలో మా నాన్న కూడా కడిగాడు. అంత చదివి ఆ సంగతి నాకు ఆ వాకిట్లో తట్టలేదు. మేనమామ తన కాళ్లను ఎవరివో అన్నట్టు చూసుకుంటున్నాడు. పిల్ల మాత్రం పళ్లెం ఎత్తి, చుక్క ఒలకకుండా తీసుకుపోయి సొరపాదులో పోసింది. పాఠం పాఠమే కదా.

మేనమామ ఏమీ చెప్పకుండానే సైకిలెక్కాడు. నెత్తి మీద పొట్టు అలాగే ఉంది. సైకిలు వెనక కట్టిన ఖాళీ బిందెలు వీధి చివరిదాకా డప్పుల్లా మోగుతూ పోయాయి. వినండి, మేళం ఇంగా నిలవలేదంది జేజి.

మర్నాడు వరండాలో పిల్ల నా పక్కన వచ్చి కూర్చుంది. బేస్తవారం బలసముద్రం వాళ్లు తాంబూలాలు తెస్తారని చెప్పింది. ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు.

"మీరు చెప్పిన పాఠమే గదా మేడమ్. నన్ను గూడా రెండో పనికి పంపుతాండారు."

నేను తండ్రి దగ్గరికి పోయి పిల్లకు ఇంకా పద్దెనిమిది నిండలేదని, అది చట్టం ఒప్పుకోదని చెప్పాను. ఆయన తల గోక్కున్నాడు.

"చట్టం ఉండాది మేడమ్. మాయమ్మ గూడా ఉండాది."

మా మాస్టరుకు సంగతంతా కన్నడంలో చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది. ఒక ఆడపిల్ల పెళ్లికి తానే మేళం వాయించానని తెలిశాక ఆయన చేతులు చంకల్లో పెట్టుకుని తిరగడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఆయన చప్పట్లు కొట్టగా నేను చూడలేదు. ఇంట్లో నాకు నిద్ర లేదు. మా పాప బడి నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటే నేను వంట ఆపి కింద ఏముందో చూసేదాన్ని.

బేస్తవారం మొదటి బస్సుకే పోయాను. వాకిట్లో చాప పరిచి ఉంది. బలసముద్రం పెద్దమనుషులు ఇద్దరు, మధ్యలో మేనమామ, ముందు ఆకులూ వక్కలూ అరటిపళ్లూ ఉన్న పళ్లెం. జేజి కొత్త చీర కట్టుకుని గడప మీద ఉంది. నేను నిలబడి, ఆ రోజు జరిగింది ఉత్త రిహార్సలని, పెద్దసారు కోసం చేసి చూసుకున్నామని వాళ్లకు నచ్చజెప్పబోయాను. అట్లయితే కాళ్లు తడవలేదా అని అడిగింది జేజి. తడిశాయన్నాను. ఇంగేంది మల్ల అని వక్క కొరికింది.

తాంబూలం ఎత్తబోతుండగా పిల్ల లోపలి నుంచి వచ్చింది.

"జేజీ, కాళ్లు కడిగిన నీళ్లు ఎవురు పుచ్చుకుంటే వాళ్లే గదా పిల్లనిచ్చేది?"

"అవును. మీ నాయన నెత్తికి తుడుసుకున్న్యాడు. నేను చూసినా."

"నాయనది చేతికంటిన తడి. పళ్లెం నిండా నీళ్లు నేను యాడ పోసినా?"

అందరూ కొట్టం మీదికి చూశారు.

"మొత్తం సొరపాదే పుచ్చుకునింది. నాయనకంటే దానికే ఎక్కువ ముట్టింది. మామ సొరపాదుకే అల్లుడు."

నాకు నవ్వాలో భయపడాలో తెలియలేదు. పెద్దమనుషుల్లో ఒకాయన దీన్ని నిజంగానే ఆలోచించాడు. లేచి పాదు దగ్గరికి పోయి ఆకులెత్తి చూశాడు. పాదుకు ఆడపిల్ల ఉందా అని ఆయన విచారణ.

"ఒగ పిందె ఉండాదప్పా" అని చెప్పి వచ్చి కూర్చున్నాడు. "చిన్నది. ఇంగా ఈడుకు రాలేదు."

అందరూ నవ్వారు, మేనమామ కూడా. జేజి నవ్వలేదు. మాటలకేం, మాటలు బిందెలు నింపుతాయా అని కసిరింది. పిందె పోయి ఎవరింటికైనా నీళ్లు తెస్తుందా, నీళ్లుండే ఇల్లు కళ్లెదుట ఉంటే ఈ పొద్దుపోని మాటలేంటని తాంబూలం వైపు చెయ్యి చాపింది. నవ్వులు ఆగిపోయాయి. పిల్ల మొహంలో రంగు మారింది. ఆమె దగ్గరున్న మాట అదొక్కటే, అది అయిపోయింది.

అప్పుడు ఆమె చూపు గోడకు ఆనించిన సైకిలు మీద పడింది. వెనక బిందెలు కట్టి ఉన్నాయి.

"మామా" అంది మెల్లగా. "ఆపొద్దూ బిందెలు తెచ్చినావు. ఈపొద్దూ తెచ్చినావు. యాటికి?"

మేనమామ తల దించుకున్నాడు. పెద్దమనుషులు ఆకులు లెక్కపెడుతున్నట్టు నటించారు. చివరికి మేనమామే చెప్పాడు.

"ఉగాదప్పుడే మా బోరు నిలిచిపాయ. మీ ఊరి బోరింగులో ఇంగా వస్తాండాయని విని, రెండు బిందెలు అడిగి తీసకపోదామని ఆపొద్దు వచ్చినా. అడిగేలోపల ఆ నీళ్లతోనే కాళ్లు కడిగేసినారు. నోరెట్లా వస్తాది?"

నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తాగడానికి నీళ్లు అడగడానికి వచ్చినవాడిని నిలబెట్టి, అతని కాళ్ల మీద చెంబులకు చెంబులు పోయించి, నీటి పొదుపు మీద నినాదం చదివాను నేను.

జేజి దవడ రెండోసారి ఆగింది. కాసేపు ఆమె మేనమామను చూసింది, బిందెలను చూసింది. తర్వాత దవడ మెల్లగా మళ్లీ కదిలింది. తాంబూలం పళ్లెంలోంచి ఒక ఆకు తీసుకుని, ఈనె గిల్లి, సున్నం రాసుకుంది.

"నీళ్లు పాదుకే పోసినారు గదప్పా" అంది పెద్దమనుషులతో. "నా కండ్లతో నేను చూడల్యా? ఇంగెవురికో ఎట్లా అల్లుడైతాడు?"

తర్వాత నా వైపు తిరిగి కోప్పడింది.

"చదువుకున్నదానివి, ఇంతసేపూ కూర్చుని చూస్తాండావే. నువ్వు చెప్పొద్దా?"

అంతటితో పెళ్లి అయిపోయింది, అంటే సొరపాదుతో అయిపోయింది. అరటిపళ్లు పిల్లలకు పంచారు. తల్లి సైకిలు మీది బిందెలు విప్పుకుని బోరింగు దగ్గరికి పోయి నింపుకొచ్చింది. తమ్ముడు వద్దన్నా వినకుండా ఇంట్లో ఉన్న ఇంకో బిందె కూడా కట్టింది. బరువు దిగిన మేనమామకు మాటలొచ్చాయి. అల్లుడికి సారె ఏం పెడతారని బావను అడిగాడు. పిందె ముదరనీప్పా, పంపిస్తామన్నాడు బావ. అన్నట్టే పంపించాడు. జూన్‌లో పిల్ల పీయూసీ చేరడానికి పావగడ పోతూ ఆ సొరకాయను ఒళ్లో పెట్టుకుని బస్సెక్కింది. బలసముద్రం మనిషి ఎవరో బస్టాండులో కనిపిస్తే, మా మామకు పెళ్లాన్ని అప్పగించమని అతని చేతికిచ్చి కాలేజీకి పోయింది.

తుమకూరు పెద్దసారు ఆ వారం రాలేదు. ఏ వారమూ రాలేదు. నా నెలవారీ రిపోర్టులన్నీ సొరకాయ కోతలని మా ఇంటాయన ఎగతాళి చేసేవాడు. ఆ నెల రిపోర్టులో ఉన్నంత నిజమైన సొరకాయ ఇంకెందులోనూ లేదు. 'అతిథులు సహకరించారు' అని కూడా రాశాను.

ఇది చదివే పిల్లలకు ఒక్కటే చెబుతాను. మీరు చెప్పేది ఊరు వినదని మిమ్మల్ని భయపెడతారు. వింటుంది. ఎంత బాగా వింటుందంటే మీ చెంబుకీ పళ్లేనికీ వాళ్లింట్లో ముందునుంచీ ఉన్న పనులేమిటో కనుక్కున్నాకే మీరు నోరు విప్పాలి. జేజిని తలచుకుంటే నాకిప్పటికీ కోపం రాదు. మనవరాలి నెత్తి మీదినుంచి బిందె దింపాలని చూసింది. నేనూ దానికే జీతం తీసుకున్నాను.

ఆ బేస్తవారం సాయంత్రం ఇంటికి వచ్చి, పిల్లలకు అన్నాలు పెట్టి, వాళ్ల పక్కనే పడుకున్నాను. చాలా రోజుల తర్వాత నిద్ర పట్టింది. తెల్లవారి లేచేసరికి పెరట్లో చప్పుడు. మా చిన్నోడు బండ మీద నిలబడి ఉన్నాడు. మా పాప వాడికి మొహం కడిగిస్తూ, నీళ్లు పోకుండా కింద స్టీలు పళ్లెం పెట్టింది. నేను నేర్పిన పాఠమే. పరుగెత్తుకుంటూ పోయి పళ్లెం లాక్కున్నాను. నీళ్లన్నీ నేలపాలయ్యాయి. ఒక్క చుక్క కూడా పోకూడదన్నావు కదమ్మా అని పాప బిక్కమొహం పెట్టింది.

ఇద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకున్నాను. నీళ్లు బకెట్లో పట్టండి, డబ్బాలో పట్టండి, పగిలిన కుండ ఉంటే అందులో పట్టండి, పళ్లెంలో మాత్రం పట్టొద్దని చెప్పాను.

"ఎప్పటికీనా?" అని అడిగింది పాప.

"నీ చదువు అయిపోయేదాకా" అన్నాను.